అంటార్కిటికా నమూనా చేసే ముందు

సైన్స్ ఫెయిర్ దగ్గరపడింది. కోనసీమ బడుల్లో అంటార్కిటికా నమూనా చేస్తున్నవారు ఇవి చూసుకోండి.

మంచుగడ్డను నీళ్లలో వేయకండి, రాయి మీద పెట్టండి. తేలే మంచు కరిగినా నీటిమట్టం దాదాపు మారదు. నేల మీది మంచు కరిగితేనే పెరుగుతుంది. అంటార్కిటికా నేల మీద సగటున సుమారు 2 కిలోమీటర్ల మందాన మంచు ఉంది. అదంతా కరిగితే సముద్రం 58 మీటర్ల దాకా పెరుగుతుందని అంచనా. అంతర్వేది పిల్లలకు ఈ అంకె విడమరచి చెప్పనక్కరలేదు. నిరుడు మా గడ్డ గిన్నెలో తేలుతూనే కరిగిపోయింది, నీళ్లు స్కెచ్ పెన్ గీత దాటలేదు. పరీక్షకులు నవ్వి పక్క బల్లకు వెళ్లిపోయారు.

ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ తీసేయండి. అది ఉత్తర ధ్రువం వైపు జంతువు.

చార్టులో జనవరిని చలికాలమని రాయకండి. మన సంక్రాంతికి అక్కడ వేసవి. అక్కడి వోస్టోక్ పరిశోధన కేంద్రంలో మైనస్ 89.2 డిగ్రీలు నమోదైంది 1983 జులై 21న.

‘ఎడారి’ అన్న మాట వదలకండి. లోపలి పీఠభూమిలో ఏడాదంతా పడే మంచును కరిగిస్తే 50 మిల్లీమీటర్ల నీళ్లు రావడం కష్టం. మనకు ఒక్క వాయుగుండం చాలు అంతకు మించి కురవడానికి.

థర్మోకోల్ పలకను చదునుగా వదిలేయకండి. అక్కడ అన్నిటికన్నా ఎత్తైన విన్సన్ శిఖరం ఎత్తు 4,892 మీటర్లు.

ఐసు చేపల మార్కెట్ నుంచి తెస్తే కడిగి పెట్టండి. వాసన పెంగ్విన్లది అంటే ఎవరూ నమ్మరు.