తక్కువ నీళ్లతో, తక్కువ కరెంటుతో అంట్లు తోమడం ఎలా?

ముందు మీ కుళాయి సంగతి తేల్చుకోండి. లీటరు సీసా కింద పెట్టి కుళాయి పూర్తిగా తిప్పండి. ఆరు సెకన్లకే నిండిందంటే నిమిషానికి 10 లీటర్లు పోతున్నట్టే. ధార అలా వదిలేసి పావుగంట తోమితే 150 లీటర్లు, అంటే పది బకెట్లు.

1. మెతుకులు, కరివేపాకు, మునక్కాడ పిప్పి చెత్తబుట్టలోకి రాల్చేయండి. జిడ్డు మూకుడులో చెంచాడు శనగపిండి చల్లి పొడిగానే రుద్దండి, నూనెను పీల్చేస్తుంది. ఆ ముద్దనూ చెత్తలోనే వేయాలి, సింకులో వేస్తే పైపు పూడుకుంటుంది.

2. అన్నం గిన్నె ఎండిపోకముందే బియ్యం కడిగిన నీళ్లు పోసి నానబెట్టండి. పాలగిన్నెకు మాత్రం చన్నీళ్లే పోయాలి. వేడినీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు గట్టిపడి అడుగున పట్టేస్తాయి. మాడిన స్టీలు గిన్నెలో చెంచాడు వంటసోడా వేసి రాత్రంతా నాననివ్వండి. అల్యూమినియం గిన్నెలకు సోడా వద్దు, నల్లబడతాయి.

3. కుళాయి కట్టేసి తోమండి. గ్లాసులు ముందు, తర్వాత కంచాలు, చివర్లో జిడ్డు గిన్నెలు. నీళ్లు అసలు ఖర్చయ్యేది నురగ వదిలించడానికే. అందుకే లిక్విడ్ నేరుగా పీచు మీద పొయ్యకుండా, చెంచాడు తీసుకుని అర గ్లాసు నీళ్లలో కలిపి వాడండి.

4. ఐదు లీటర్ల టబ్బులు రెండు పెట్టుకోండి. మొదటిదాంట్లో నురగ వదిలించి, రెండోదాంట్లో ముంచి తీసి బోర్లించాలి. మొదటి టబ్బు మురికైతే పారబోసి, రెండోదాన్ని దాని స్థానంలోకి జరిపి, ఖాళీ టబ్బులో కొత్త నీళ్లు పట్టండి. నలుగురి ఇంట్లో ఒక పూట అంట్లకు 20 లీటర్లు చాలు.

వేడినీళ్లు జిడ్డు గిన్నెలకే అవసరం. 10 లీటర్లను 30 డిగ్రీలు వేడెక్కించడానికి యూనిట్‌లో మూడో వంతుకు పైగా కరెంటు పడుతుంది. గీజరు దూరంగా ఉంటే పైపులో మిగిలిన వేడినీళ్లు అక్కడే చల్లారిపోతాయి, అదో దండగ. కుక్కర్లో గిన్నెలు పెట్టి వండేవాళ్లకైతే అడుగున మరిగిన నీళ్లు ఎలాగూ ఉంటాయి కదా, మూకుడులో వాటినే పోయండి.

డిష్‌వాషర్ ఉంటే పూర్తిగా నిండాకే, ఎకో మోడ్‌లో వేయండి. ఎక్కువసేపు తిరుగుతుంది కానీ నీళ్లను తక్కువ వేడి చేస్తుంది, కరెంటు మిగిలేది అక్కడే. గిన్నెలను ముందే కుళాయి కింద కడిగి పెట్టనక్కర్లేదు, మెతుకులు రాల్చేస్తే చాలు. ఫిల్టరు మాత్రం వారానికోసారి తీసి కడగండి. లేదంటే అందులో చిక్కిన మెతుకులు తిరిగి గ్లాసులకే అంటుకుని, రెండోసారి వేయాల్సి వస్తుంది.