ఇంట్లో గాలి బాగుపడాలంటే ఏం చేయాలి? ఏది ముందు, ఏది తర్వాత?

బయటి నుంచి రాగానే ఇంట్లో ఒక వాసన ముక్కుకు తగులుతుంది. ఐదు నిమిషాలయ్యేసరికి అది తెలియదు, ముక్కు అలవాటు పడిపోతుంది. ఇంట్లో గాలి పాడైనా చాలాకాలం మనం పట్టించుకోకపోవడానికి ఇదొక కారణం.

పట్టించుకున్నాక చాలామంది మొదట చేసే పని ఎయిర్ ప్యూరిఫయర్ కొనడం. దాన్ని ఆఖరున పెట్టుకోమని నా సలహా. పొగ, దుమ్ము, చెమ్మ ఎక్కడ పుడుతున్నాయో చూసి అక్కడే ఆపాలి. ఆపలేనిదాన్ని బయటకు పంపాలి. అప్పటికీ మిగిలితే మెషీన్ సంగతి చూడొచ్చు.

1. ముందు ఒక రోజు గమనించండి

ఏ గదిలోకి వెళ్తే తుమ్ములు వస్తున్నాయి? తలుపులు మూసుకుని పడుకుంటే పొద్దున తల బరువుగా ఉంటోందా? బీరువా వెనక ముక్కిపోయిన వాసన వస్తోందా? కిటికీ అద్దాలకు లోపలివైపు నీటి బొట్లు పడుతున్నాయా? కార్బన్ డయాక్సైడ్ మీటర్ దొరికితే పడకగదిలో ఒక రాత్రి పెట్టి చూడండి. బయటి గాలిలో ఇది 420 పీపీఎం (పది లక్షల్లో 420 వంతులు) దగ్గర ఉంటుంది. గదిలో 1000 దాటితే, ఉన్న మనుషులకు సరిపడా కొత్త గాలి రావడం లేదన్నమాట.

2. వంటింటి పొగను పొయ్యి దగ్గరే పట్టండి

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. గ్యాస్ మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ అనే హానికర వాయువు వస్తుంది. కరెంటు పొయ్యికి ఆ బెడద లేదు కానీ, నూనె కాగితే ఏ పొయ్యి మీదైనా సన్నని కణాలు లేస్తాయి. 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవైన కణాలను పీఎం 2.5 అంటారు. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండని ఇవి ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్తాయి.

పొయ్యి వెలిగించకముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. వంట అయ్యాక ఇంకో పది, పదిహేను నిమిషాలు తిరగనివ్వండి. ఎక్కడో ఒక కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి, లేకపోతే ఫ్యాన్‌కు లాగడానికి గాలి ఉండదు. గోడకు బిగించిన చిమ్నీ అయితే వెనక బర్నర్ మీద వండితే పొగ బాగా లాగుతుంది.

ఫ్యాన్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం తేలిక. టిష్యూ ముక్క జాలీకి ఆనించి వదలండి, అతుక్కుని నిలబడాలి. మా ఇంట్లో ఫ్యాన్ హోరుమని తిరిగేది, కాగితం మాత్రం జారి పొయ్యి మీద పడింది. విప్పి చూస్తే బయటివైపు రెక్కల నిండా జిడ్డు, దాని మీద దుమ్ము, వేలితో గీస్తే మైనంలా లేచొచ్చింది. అన్నాళ్లూ ఆ చప్పుడు విని పొగ పోతోందనుకున్నాం. కడిగి బిగించాక కాగితం అతుక్కుంది. పైపు లేని చిమ్నీ అయితే జిడ్డును కొంత పట్టి గాలిని మళ్లీ గదిలోకే వదులుతుంది, కాబట్టి కిటికీ తెరవక తప్పదు.

బొగ్గుల కుంపటి, జనరేటర్ మాత్రం ఇంట్లో వాడనే వద్దు, కిటికీలు తెరిచినా సరే. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, ప్రాణాలు తీస్తుంది. మంటతో పనిచేసే పొయ్యి, హీటర్ ఉన్న ఇంట్లో దాన్ని పసిగట్టే అలారం పెట్టుకోండి.

3. గాలికి రెండు దారులు ఇవ్వండి

ఒక్క కిటికీ తెరిస్తే గాలి పెద్దగా ఆడదు. ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలు పది నిమిషాలు తెరిస్తే గది తేలికపడుతుంది. ఒకటే కిటికీ ఉంటే తలుపు తెరిచి, టేబుల్ ఫ్యాన్‌ను కిటికీ దగ్గర బయటివైపు తిప్పి పెట్టండి. ఏసీ ఉంది కదా అనుకోవద్దు: మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయట పొగ, దుమ్ము ఎక్కువగా ఉంటే కిటికీలు మూసేసి, గాలి తేటపడ్డాక తెరవండి.

4. చెమ్మ నిలవనివ్వకండి

గదిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. 60 దాటితే బూజు పట్టే అవకాశం పెరుగుతుంది. లీకైన నీళ్లు, తడిసిన పరుపులు 24 నుంచి 48 గంటల్లోపు ఆరిపోవాలి. బీరువాను గోడకు నాలుగు వేళ్ల ఎడంగా జరపండి. బూజు మీద రంగు వేస్తే కొన్నాళ్లు కనిపించదు, అంతే. నీరు ఎక్కడి నుంచి దిగుతోందో చూసి బాగుచేయించాలి.

5. దుమ్ము, ఘాటు వాసనలు

పొడి చీపురు దుమ్మును గాల్లోకి లేపుతుంది, తడిగుడ్డ పట్టుకుంటుంది. చెప్పులు గుమ్మం బయటే విడవండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 55–60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే డస్ట్ మైట్లు (దుమ్ములో ఉండే, కంటికి కనిపించని పురుగులు) చస్తాయి.

ఇంట్లో సిగరెట్ అసలు వద్దు. దోమల కాయిల్, సువాసన కొవ్వొత్తి కూడా పొగే. రూమ్ ఫ్రెష్‌నర్ దుర్వాసనను కప్పి, దాని మీద ఇంకొన్ని రసాయనాలు చేరుస్తుంది. కొత్త ప్లైవుడ్ సామాను నుంచి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన హానికర వాయువు వెలువడుతుంది కాబట్టి మొదటి రోజుల్లో ఆ గదికి గాలి బాగా తగలనివ్వండి. బ్లీచ్‌ను యాసిడ్‌తో గానీ అమ్మోనియాతో గానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువులు పుడతాయి.

6. ఇక ప్యూరిఫయర్

ఇవన్నీ చేశాక కూడా అవసరమనిపిస్తే కొనండి, ముఖ్యంగా ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే. హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం పట్టేస్తుంది. వాయువులు దానికి చిక్కవు. వాసనలకు బొగ్గు ఫిల్టర్ ఉండాలి, అదీ కొంతవరకే. డబ్బా మీద సీఏడీఆర్ అంకె, అంటే మెషీన్ ఎంత వేగంగా శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పేది, చూడండి: నిమిషానికి ఘనపుటడుగుల్లో ఆ అంకె, గది చదరపు అడుగుల్లో కనీసం మూడింట రెండు వంతులుండాలి. 150 చదరపు అడుగుల గదికి 100 అన్నమాట. ఓజోన్ వదిలే మెషీన్ల జోలికి వెళ్లకండి, ఓజోన్ ఊపిరితిత్తులకు హాని.

మొక్కలు ఇంట్లో గాలిని శుభ్రం చేస్తాయా అని చాలామంది అడుగుతారు. చేస్తాయని చెప్పడానికి చూపే 1989 నాటి నాసా ప్రయోగం మూసిన చిన్న పెట్టెల్లో జరిగింది. అలాంటి ప్రయోగాలను 2019లో మళ్లీ లెక్కగట్టి చూస్తే, కిటికీ నుంచి వచ్చే గాలి చేసే పాటి పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు కనీసం పది కావాలని తేలింది. కంటికి హాయిగా ఉంటాయని పెంచుకోండి, కుండీ కింద పళ్లెంలో నీళ్లు మాత్రం నిలవ ఉంచకండి.