బ్రహ్మకమలం మొగ్గ వేయకపోతే, వేసిన మొగ్గ రాలిపోతే

మన మేడల మీద కుండీల్లో పెరిగే బ్రహ్మకమలం కమలం కాదు, కాక్టస్. ఆ పేరుకు అసలు హక్కుదారు హిమాలయాల్లో పూసే వేరే మొక్క, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. మన దగ్గరున్నది ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్. పుట్టిల్లు మెక్సికో దక్షిణ భాగం, గ్వాటెమాలా వైపు అడవులు. అక్కడ ఎడారి ఇసుకలో కాదు, చెట్ల కొమ్మల మీద, మాగిన ఆకుల మధ్య వేళ్లూని బతుకుతుంది. మనం ఆకులనుకునేవి కూడా బల్లపరుపుగా మారిన కాండాలే. వాటి అంచుల్లోని నొక్కుల దగ్గరే మొగ్గ పుడుతుంది.

ఏళ్లయినా మొగ్గ లేదు

ముందు వయసు చూడండి. ముక్క నాటాక పూతకు సాధారణంగా 2, 3 ఏళ్లు పడుతుంది. అదీ దాటితే ఎక్కువసార్లు లోటు వెలుతురులోనే ఉంటుంది. నీడ మొక్క అన్నారని మెట్ల కింద పెట్టేస్తాం. కాసేపు ఉదయపు ఎండ తగిలే తూర్పు వైపుకు మార్చండి. యూరియా వేస్తుంటే ఆపేయండి, నత్రజని ఎక్కువైతే మొక్క ఏపుగా పెరుగుతుంది గానీ పూయదు. బదులుగా వానలకు ముందు గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. కుండీ మరీ పెద్దది వద్దు.

పొడవుగా కర్రలా లేచే గుండ్రటి కాండాలను చూసి చాలామంది కత్తిరించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పూసే బల్లపరుపు కొమ్మలు వాటి పక్కల నుంచే వస్తాయి.

మొగ్గలు వచ్చి రాలిపోతున్నాయి

అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. మొగ్గ కనిపించాక విచ్చుకోవడానికి సుమారు 3, 4 వారాలు పడుతుంది. ఆ రోజుల్లో చోటు మారినా, మట్టి పూర్తిగా ఎండి ఒక్కసారిగా నీళ్లు పడినా మొక్క మొగ్గలు వదిలేస్తుంది. ఒక ఏడాది మా కుండీలో ఏడు మొగ్గలొస్తే, జోరువానకు దెబ్బతింటాయని వరండాలోకి జరిపాను. వారంలో ఐదు రాలిపోయాయి. అప్పటి నుంచి మొగ్గ కనిపిస్తే కుండీని తిప్పను కూడా తిప్పను. మట్టి పైపొర ఆరగానే కొద్దిగా నీళ్లు పోస్తాను, అంతే. గుంపుగా వచ్చినప్పుడు ఒకటి రెండు రాలడం మామూలే, టెన్షన్ పడక్కర్లేదు.

కాండం వడలి ముడతలు పడింది

నీళ్లు పోసే ముందు మట్టిలో వేలు గుచ్చండి. పొడిగా ఉంటే దాహం. తడిగా ఉండీ వడలిందంటే వేళ్లు కుళ్లుతున్నాయి, ఇప్పుడు నీళ్లు పోస్తే మొక్క చచ్చిపోతుంది. కుండీలోంచి తీసి, కుళ్లిన వేళ్లు కోసేసి, ఎర్రమట్టి, కోకోపీట్, ముతక ఇసుక సమంగా కలిపి మళ్లీ నాటండి. మొదలే మెత్తబడితే పైనున్న గట్టి కాండం జానెడు కోసి, నీడలో వారం ఆరనిచ్చి, కింది కొస కిందికే ఉండేలా గుచ్చండి. కాండం మీద వేలాడే సన్నని వేళ్లు మాత్రం జబ్బు కాదు, చెట్టును పట్టుకునే అలవాటు.

కాండం ఎర్రబారితే మధ్యాహ్నపు ఎండ తప్పించండి. నొక్కుల్లో దూదిలా కనిపిస్తే అది పిండినల్లి. తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి.

పువ్వు తెల్లారేసరికి వాలిపోయింది

ఇందులో సరిచేయాల్సిందేమీ లేదు. హాక్‌మాత్ అనే రాత్రి చిమ్మటల కోసం పూసే పువ్వు ఇది. చీకట్లో కనిపించే తెలుపు, దూరం నుంచి పిలిచే వాసన, పొడవాటి గొట్టం అడుగున తేనె, అన్నీ ఆ ఒక్క రాత్రి కోసమే. చీకటి పడ్డాక విచ్చుకోవడం మొదలై, అర్ధరాత్రికి నిండుగా ఉంటుంది. ఆ వేళకు ఇంట్లో అందరినీ లేపండి.