బరంపురం నుంచి డల్లాస్ దాకా: బిజినెస్ క్లాసు ప్రయాణం ఎలా చేయాలి?

బిజినెస్ క్లాసు అనగానే చాలామందికి గుర్తొచ్చేవి గాజు గ్లాసులు, తెల్లటి మేజాబట్ట, పేరు పెట్టి పలకరించే సిబ్బంది. ఇవన్నీ నిజంగానే ఉంటాయి. కానీ వాటి కోసం ఎకానమీకి మూడు నుంచి అయిదు రెట్లు పెట్టడం శుద్ధ దండగ. అంత డబ్బుకు దక్కే అసలు వస్తువు ఒక్కటే, నడుం వాల్చడానికి ఆరడుగుల చోటు. మిగిలినదంతా కొసరు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే ఏ టిక్కెట్టు కొనాలి, ఏ సీటు అడగాలి, విమానంలో ఎప్పుడు తినాలి, ఎప్పుడు వద్దనాలి అన్నవి సులువుగా తేలిపోతాయి.

ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్న ఇప్పుడు తరచుగా వస్తోంది. అమ్మానాన్నలకు అరవై దాటి ఉంటాయి. అమెరికాలో ఉన్న అమ్మాయికి పురుడు దగ్గర పడుతుంది. "నాన్నా, ఈసారి బిజినెస్ క్లాసులో రండి" అని ఫోను. "అంత డబ్బెందుకమ్మా" అని ఇక్కడి నుంచి జవాబు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఎప్పుడు ఎవరిది నెగ్గాలో చూద్దాం.

1. ఇంటి గుమ్మం నుంచి గంటలు లెక్కపెట్టండి

హైదరాబాద్‌లో ఉండేవారికి ప్రయాణం శంషాబాద్‌లో మొదలవుతుంది. మనకు అప్పటికే సగం ఒళ్లు హూనమై ఉంటుంది. బరంపురం నుంచి కోణార్క్, విశాఖ, ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లలో ఏది ఎక్కినా సికింద్రాబాద్ వైపు చేరడానికి పదిహేను గంటలకు పైనే. గల్ఫ్ విమానాలు చాలావరకు హైదరాబాద్‌లో తెల్లవారుజామునే లేస్తాయి, అంటే ఆ రాత్రి నిద్ర లేదు. దోహాకో దుబాయ్‌కో నాలుగు, నాలుగున్నర గంటలు. అక్కడ నిరీక్షణ. ఆపైన డల్లాస్‌కు దాదాపు పదహారు గంటలు. ఇన్ని గంటల్లో పడక ఏ గంటల్లో అవసరమో గుర్తించడమే మొదటి పని.

రైలుకు బదులు విశాఖపట్నం లేదా భువనేశ్వర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి విమానంలో హైదరాబాద్ చేరవచ్చు. పర్లాకిమిడి, రాయగడ వారికి విశాఖే దగ్గర. బరంపురం వారికి భువనేశ్వర్. అయితే ఈ చిన్న విమానాన్ని విడిగా కొనకండి. విడిగా కొంటే దేశీయ ఎకానమీ టిక్కెట్టు మీద లగేజీకి సాధారణంగా 15 కిలోలే ఇస్తారు. చేతిలో రెండు పెద్ద పెట్టెలుంటే అదనపు రుసుము వాచిపోతుంది. పైగా ఆ విమానం ఆలస్యమై దోహా విమానం తప్పిపోతే పెద్ద టిక్కెట్టు ఇచ్చిన సంస్థకు పూచీ ఉండదు. మొత్తం ఒకే బుకింగ్ నంబరు మీద ఉంటే ఈ రెండు తలనొప్పులూ చాలావరకు తప్పుతాయి.

అమెరికా వీసాకు ఒడిశా కూడా హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోనే ఉంది. కాబట్టి ఈ దారి మనవాళ్లలో చాలామందికి అప్పటికే తెలిసినదే.

2. పడక ఎక్కడ కావాలో అక్కడే కొనండి

హైదరాబాద్–దోహా ముక్కకు బిజినెస్ అక్కర్లేదు. ఎక్కి, తిని, కాస్త కునుకు తీసేసరికి దిగమంటారు. పొడవైన పదహారు గంటల ముక్కకే పడక కొనండి. చాలా సంస్థల దగ్గర ఒకే టిక్కెట్టులో ఒక ముక్క ఎకానమీ, ఒక ముక్క బిజినెస్ పెట్టించుకోవచ్చు. వెబ్‌సైటులో ఆ సౌకర్యం కనిపించకపోతే ఫోను చేసి అడగండి. మొత్తం ధర ఒక్కోసారి తగ్గుతుంది, ఒక్కోసారి తగ్గదు. అడిగితే పోయేదేమీ లేదు.

డబ్బు ఒక వైపుకే సరిపోతే? నేనైతే వెళ్లేటప్పుడే పెట్టమంటాను. తిరుగు ప్రయాణంలో ఎంత అలసినా చివర సొంత ఇల్లు, సొంత మంచం ఉంటాయి. వెళ్లేటప్పుడు రైలు అలసట, హైదరాబాద్‌లో నిద్రలేని రాత్రి, దోహా నిరీక్షణ అన్నీ కూడి, దిగిన మర్నాడే మనవణ్ణి చేతికిస్తారు.

3. సంస్థ పేరు కాదు, విమానం చూడండి

చాలామంది గమనించని సంగతి ఇది. ఒకే సంస్థలో, ఒకే ధరకు, రెండు విమానాల్లో రెండు రకాల బిజినెస్ క్లాసులు ఉంటాయి. పూర్తిగా పడకలా పరుచుకునే సీటును బిజినెస్ క్లాసులోకి మొదట తెచ్చిన సంస్థల్లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఒకటి, 2000లో. దాని పాత అమరికలో కిటికీ దగ్గర కూర్చున్నవారు బయటికి రావాలంటే పక్కవారి చాచిన కాళ్లు దాటాలి. ఎమిరేట్స్ బోయింగ్ 777లలో చాలాకాలం వరుసకు 2-3-2 చొప్పున సీట్లు ఉండేవి, అంటే బిజినెస్‌లోనూ ఇద్దరి మధ్య ఇరుక్కునే సీటు! ఇప్పుడు వాటిని మారుస్తున్నారు. ఖతార్ ఎయిర్‌వేస్ 2017లో తెచ్చిన క్యూస్వీట్‌లో సీటుకో తలుపు ఉంటుంది. ఎయిర్ ఇండియా 2024 జనవరిలో నడపడం మొదలుపెట్టిన ఎయిర్‌బస్ ఏ350లో కూడా 1-2-1 అమరికే, అంటే రెండు కిటికీల దగ్గర ఒక్కో సీటు, మధ్యలో రెండు.

మీరు వెతకాల్సిన అంకెలు ఇవే, 1-2-1. అలా ఉంటే ఎవరినీ లేపకుండా నడవలోకి రావచ్చు. వృద్ధులకు ఇది తలుపుకన్నా, పెద్ద తెరకన్నా ముఖ్యం, ఎందుకంటే రాత్రి రెండు మూడుసార్లు లేవక తప్పదు. టిక్కెట్టు కొనేటప్పుడే విమానం రకం, సీట్ల పటం చూడండి. బయలుదేరే వారంలో మరోసారి చూడండి, సంస్థలు చివర్లో విమానాన్ని మార్చేస్తుంటాయి. వీలుంటే బోయింగ్ 787 లేదా ఎయిర్‌బస్ ఏ350 ఎంచుకోండి. వాటిలో గాలి ఒత్తిడి సుమారు 6,000 అడుగుల ఎత్తులో ఉన్నంత ఉంటుంది. మిగతా విమానాల్లో అది 8,000 అడుగుల దాకా పోవచ్చు. దిగాక తల బరువు తక్కువగా ఉండటంలో ఆ తేడా తెలుస్తుంది.

4. డబ్బు తగ్గించుకునే దారులు

మొదటిది పిల్లల మైళ్లు, అంటే విమాన టిక్కెట్లకు పనికొచ్చే పాయింట్లు. అమెరికాలో క్రెడిట్ కార్డుల మీద పోగయ్యే పాయింట్లతో వాళ్లు తల్లిదండ్రులకు టిక్కెట్లు తీయవచ్చు. అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఖతార్ రెండూ వన్‌వరల్డ్ కూటమిలో ఉన్నాయి కాబట్టి అమెరికన్ మైళ్లు ఖతార్ మీద పనికొస్తాయి. యునైటెడ్ మైళ్లు స్టార్ అలయన్స్ కూటమిలోని ఎయిర్ ఇండియా, లుఫ్తాన్సాల మీద పనికొస్తాయి. ఇలాంటి సీట్లు ఒక్కో విమానంలో కొన్నే విడుదల చేస్తారు. నెలల ముందే వెతకమని పిల్లలకు చెప్పండి. "ఖర్చెందుకు" అనే తండ్రిని ఒప్పించడానికి కూడా ఇదే మంచి దారి.

రెండోది వేలం. ఎకానమీ టిక్కెట్టు కొన్నాక కొన్ని సంస్థలు "పై తరగతికి ఎంత ఇస్తారు?" అని మెయిల్ పంపుతాయి. మీరు చెప్పే మొత్తం సాధారణంగా ఒక్కో మనిషికి, ఒక్కో ముక్కకు. ఇద్దరు వెళ్తుంటే రెట్టింపు అని మరవకండి. ఒప్పుకున్నాక డబ్బు వెనక్కి రాదు. లగేజీ మాత్రం తరచుగా పాత ఎకానమీ పరిమితే ఉంటుంది, షరతులు చదివి తీరాలి.

మూడోది చవక బిజినెస్ టిక్కెట్టు. దీనిలో లాంజ్ (విమానాశ్రయంలోని విశ్రాంతి గది) ఉండకపోవచ్చు, సీటు ముందుగా ఎంచుకునే హక్కు ఉండకపోవచ్చు. లాంజ్ పోయినా పరవాలేదు కానీ, భార్యాభర్తలను రెండు మూలల్లో కూర్చోబెట్టే టిక్కెట్టు పెద్దవాళ్లకు వద్దు. ధర చూసేటప్పుడు పన్ను కలిపి చూడండి: 2025 సెప్టెంబర్ 22 నుంచి బిజినెస్ టిక్కెట్టు మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది, ఎకానమీ మీద 5 శాతమే.

వీల్‌చెయిర్ కోసం బిజినెస్ కొనేవారిని చూశాను. అవసరం లేదు. ఏ తరగతిలోనైనా ముందుగా చెబితే ఉచితంగా ఇస్తారు.

5. సీటు, భోజనం ముందే ఖాయం చేసుకోండి

ఒంటరిగా వెళ్తే కిటికీ సీటు, జంటగా వెళ్తే మధ్య రెండు. వంటగదికీ మరుగుదొడ్డికీ దగ్గరి వరుసలు వద్దు, రాత్రంతా గిన్నెల చప్పుడు, తలుపుల చప్పుడు. ఉయ్యాల పెట్టే ముందు వరుస కూడా వద్దు, పసివాళ్లు అక్కడే ఉంటారు.

భోజనం విషయంలో ఒక ఉచ్చు ఉంది. బుకింగులో "హిందూ మీల్" అని కనిపిస్తే శాకాహారమనుకుంటారు. కాదు. అందులో గొడ్డు మాంసం మాత్రం ఉండదు, కోడి, చేప, మేక ఉండవచ్చు. శాకాహారులు ఎంచుకోవాల్సింది "ఏషియన్ వెజిటేరియన్", దాని గుర్తు ఏవీఎంఎల్. కనీసం ఒకటి రెండు రోజుల ముందే నమోదు చేయండి. విమానం ఎక్కాక అడిగితే సిబ్బంది సానుభూతి తప్ప ఏమీ ఇవ్వలేరు.

6. పెట్టెలు సర్దడం

అమెరికా దారిలో బిజినెస్‌కు సాధారణంగా ఒక్కొక్కటి 32 కిలోల చొప్పున రెండు పెట్టెలు. బరంపురం అప్పడాలు, పచ్చళ్లు, పట్టు చీరలు అన్నీ పడతాయి. అయితే ఎండుకొబ్బరి వద్దు. నూనె ఎక్కువగా ఉండి మంట అంటుకునే ప్రమాదం ఉందని దాన్ని చేతి సంచిలోనే కాదు, పెద్ద పెట్టెలోనూ రానివ్వరు. కొబ్బరి చిప్పలు తీసి కౌంటరు దగ్గర వదిలేసి వెళ్లే తల్లుల ముఖాలు చూడలేం. ఆవకాయ సీసా పెద్ద పెట్టెలోకి, పవర్ బ్యాంకు చేతి సంచిలోకి. మందులు, డాక్టరు చీటీతో సహా, మీతోనే ఉండాలి.

7. ఎక్కే ముందే తినండి

లాంజ్ ఉంటే దాన్ని విందు కోసం కాక, విమానంలో త్వరగా పడుకోవడానికి వాడండి. దోహా, దుబాయ్‌లలోని పెద్ద లాంజ్‌లలో స్నానాల గదులుంటాయి. రైలు మసి, రాత్రి చెమట కడిగేసుకుని, వేడిగా ఏదైనా తిని విమానం ఎక్కితే నిద్ర దానంతటదే వస్తుంది.

8. విమానంలో

సీట్లో కూర్చోగానే పానీయం ఇస్తారు, చిన్న సంచి ఇస్తారు. అందులో మేజోళ్లు, కంటి పట్టీ, పళ్ల బ్రష్షు ఉంటాయి. దూరపు విమానాల్లో కొన్ని సంస్థలు పైజామా కూడా ఇస్తాయి. మరుగుదొడ్డిలో మార్చుకుని వచ్చేయండి, సిగ్గుపడక్కర్లేదు, మీ పక్క పెద్దమనిషి కూడా అదే వేసుకుంటాడు.

అమెరికా విమానాలు గల్ఫ్‌లో చాలావరకు ఉదయమే లేస్తాయి. కిటికీలో ఎండ, ముందు అల్పాహారం, సిబ్బంది హుషారు. కానీ మీ ఒళ్లు రాత్రంతా మేలుకుంది. అసలు పరీక్ష ఇక్కడే. బిజినెస్ భోజనం ఒక్కో వంటకం చొప్పున వస్తూ గంటన్నర సాగుతుంది. "ఇప్పుడు వద్దు, నిద్ర లేచాక తింటాను" అనండి. చాలా సంస్థల్లో అడిగినప్పుడు పెడతారు. మొహమాటంతో కూర్చుని తింటే కొన్న పడకలో గంటన్నర పోయినట్లే.

పడక చేయమంటే సిబ్బందే పరుపు పరిచి ఇస్తారు. వెడల్పు మన ఏసీ త్రీటైర్ బెర్తు అంత అనుకోండి. కాళ్ల వైపు ఇంకా ఇరుకు, ఎదురు సీటు కిందికి పాదాలు దూర్చాలి. పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకునే అలవాటున్న వారికి మొదట ఇబ్బందే. దుప్పటి కప్పుకున్నాక బెల్టు దాని పైన పెట్టుకోండి. విమానం కుదిపినప్పుడు బెల్టు కనిపించకపోతే సిబ్బంది లేపుతారు.

గాలి విపరీతంగా పొడిగా ఉంటుంది. తేమ సాధారణంగా 20 శాతం లోపే. గోపాలపురం సముద్రపు గాలికి అలవాటుపడ్డ ఒంటికి ఇది బాగా తెలుస్తుంది: పెదవులు పగులుతాయి, గొంతు ఎండుతుంది. మద్యం ఉచితమే, కానీ నిద్ర కోసం కొన్న సీట్లో అది నిద్రను పాడుచేస్తుంది. మంచినీళ్లు పెద్ద సీసా అడిగి పక్కన పెట్టుకోండి. ఇంకో సీసా ఖాళీదైనా ఉంచుకోండి, తరగతి ఎంత పైదైనా మరుగుదొడ్డిలో చాలావరకు కాగితమే గతి.

నాలుక కూడా మొద్దుబారుతుంది. ఉప్పు, తీపి అంతగా తెలియవు. ఎంత పేరున్న వంటవాడి వంటైనా అక్కడ చప్పగానే ఉంటుంది. ఒక చిన్న పొట్లం కారప్పొడి జేబులో ఉంటే దాని ముందు విమానం వంటకాల పట్టికలోని పేర్లన్నీ దిగదుడుపు.

పడక ఉంది కదా అని పదహారు గంటలూ పడుకోకండి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పడుకున్నా ఉంటుంది. లేచినప్పుడల్లా నడవలో నాలుగడుగులు వేయండి. గుండె జబ్బు, కాళ్ల వాపు ఉన్నవారు బిగుతు మేజోళ్ల గురించి ముందే డాక్టరును అడగాలి.

9. దిగాక

పెట్టెల మీద ప్రాధాన్యపు చీటీ ఉంటుంది కాబట్టి అవి తరచుగా ముందు వస్తాయి. అమెరికా ఇమ్మిగ్రేషన్ వరుసలో మాత్రం బిజినెస్ అన్న మాట చెల్లదు, అందరితో పాటే నిలబడాలి. తొందరగా దిగడం వల్ల వరుసలో ముందుంటారు, అంతే. తినుబండారాలున్నాయా అని అడిగితే ఉన్నాయని చెప్పండి. చెబితే చూసి పంపేస్తారు, దాచి దొరికితే జరిమానా. మాంసం పచ్చళ్ల జోలికి అసలు పోవద్దు.

డల్లాస్‌కూ మనకూ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. విమానంలో ఎంత బాగా నిద్రపోయినా ఇది పోదు. దిగిన సాయంత్రం చీకటి పడేదాకా కూర్చుని, వెలుతురులో కాసేపు నడిచి, అప్పుడు పడుకోండి. అర్ధరాత్రి రెండింటికి ఆకలేసి మెలకువ వస్తుంది. వంటింట్లో పెరుగన్నం ఎక్కడ పెట్టిందో అమ్మాయిని ముందే అడిగి ఉంచుకోండి.