చోంగ్‌యాంగ్ పండక్కి గ్రేట్ వాల్ ఎక్కుతున్నారా?

చైనా పంచాంగంలో తొమ్మిదో నెల తొమ్మిదో రోజు చోంగ్‌యాంగ్ పండగ. చాలా ఏళ్లు మన దసరా రోజుల్లోనే పడుతుంది. 2026లో అక్టోబరు 18న. ఆ రోజు ఎత్తైన చోటికి ఎక్కడం, చామంతి మద్యం తాగడం ఆచారం. హువాన్ జింగ్ అనే ఆయన ఇంటిల్లిపాదినీ తీసుకుని కొండెక్కి ఆపద తప్పించుకున్నాడని, సాయంత్రం దిగొచ్చేసరికి ఇంట్లో కోళ్లు, పశువులు చచ్చిపడి ఉన్నాయని కథ.

బీజింగ్‌లో ఉంటున్న మనవాళ్లకు ఎత్తు అనగానే గ్రేట్ వాలే గుర్తొస్తుంది. అయితే ఏ భాగం ఎక్కుతారన్నదే అసలు ప్రశ్న. ఫొటోల్లో కళ్లు చెదరగొట్టే జియాన్‌కౌ మింగ్ రాజుల కాలం నాటి గోడ. కొంత బాగుచేశారు గానీ చాలాచోట్ల ఇటుకలు ఊడి, మెట్లు అరిగి, గోడ మీదే చెట్లు మొలిచి ఉంటాయి. కొన్నిచోట్ల నిచ్చెన ఎక్కినట్టే ఉంటుంది. ఇలా సందర్శకులకు తెరవని భాగాల్లో టూర్లు నడపకూడదని 2006 నాటి నిబంధనలే చెబుతున్నాయి. కాబట్టి 'మేం తీసుకెళ్తాం' అని ఎవరైనా గ్రూపులో పెడితే, నా మాట విని వద్దనండి. దాని తూర్పునే ఉన్న, బాగుచేసి తెరిచిన ముతియాన్యు భాగం ఎక్కండి. చోంగ్‌యాంగ్ చైనాలో పెద్దల రోజు కూడా. అమ్మానాన్నలు వెంట ఉంటే అక్కడ కేబుల్ కార్ ఉంది. కిందికి ఆఖరి కారు ఎన్నింటికో ఎక్కేముందే అడగండి.

బాగుచేసిన గోడ మీదా ఏమరుపాటు పనికిరాదు. మెట్లు ఒకే ఎత్తులో ఉండవు. ఎక్కడం కన్నా దిగడమే మోకాళ్లకు పరీక్ష. మరీ నిటారుగా ఉన్నచోట మెట్లవైపు తిరిగి, పట్టు చూసుకుని దిగండి. సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వేయొద్దు. వాన పడి ఆరని రాయి జారుతుంది, అడుగున గట్టి పట్టున్న బూట్లే వేసుకోండి. ఉరుము వినపడితే కొండ అంచు వదిలి దిగిపోవడమే. అక్టోబరు మధ్యలో అక్కడ ఐదున్నరకే పొద్దుగూకుతుంది, ఆపై చలి. స్వెట్టరు, టార్చి బ్యాగులో పెట్టండి. చామంతి మద్యం దిగాకే! గుర్తుగా ఇటుక ముక్క తెచ్చుకోవడం నేరం.

అక్టోబరు 1 నుంచి మొదలయ్యే జాతీయ సెలవుల్లో మాత్రం వెళ్లొద్దు, జనం తొక్కిడే ఎక్కువ. టికెట్టుకు పాస్‌పోర్టు కావాలి. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, గూగుల్ అక్కడ పనిచేయదు. దిగాల్సిన చోటు పేరు చైనీస్ లిపిలో కాగితం మీద రాయించుకోండి. అంబులెన్సుకు 120, పోలీసులకు 110.