జూడోలో గొంతు పట్లు, మోచేతి పట్లు ఎవరికి నేర్పవచ్చో తేల్చుకోవడం ఎలా?

మ్యాట్లు పరిచిన హాలు, అందరికీ జూడోగీలు (జూడో దుస్తులు), మీతోపాటు గమనించే మరో కోచ్ ఉంటే చాలు. గోళ్లు కత్తిరించుకున్నారో లేదో చూసి, వార్మప్ చేయించి మొదలుపెట్టండి. పరీక్ష సాయంత్రమే పెట్టాలి. ఉదయం అలసట లేని విద్యార్థిలో అసలు అలవాట్లు బయటపడవు.

ముందు వయసు చూడండి. జపాన్ బాలల పోటీల్లో ప్రాథమిక పాఠశాల పిల్లలకు గొంతు పట్లు, మాధ్యమిక పాఠశాల దాటేవరకు కీళ్ల పట్లు నిషిద్ధం.

తర్వాత ఉకేమి, అంటే దెబ్బ తగలకుండా పడే పద్ధతి. మూడు రౌండ్ల రందోరి, అంటే జతగా చేసే స్వేచ్ఛా సాధన, ముగిశాక వెనక్కి పదిసార్లు పడమనండి. ఒక్కసారి తల మ్యాట్‌కు తగిలినా పరీక్ష అక్కడితో ఆపేయండి.

అసలు కష్టం ఇప్పుడు మొదలవుతుంది. గొంతు పట్టు సరిగ్గా పడితే మెడకు రెండు పక్కలా ఉన్న ధమనులు నొక్కుకుపోయి పది సెకన్లలోనే స్పృహ తప్పవచ్చు కాబట్టి, అవతలివాడు ఓటమి ఒప్పుకుంటూ చేత్తో తట్టగానే వదలడం ఆలోచించి చేసే పనిగా కాక, ఒంటికి పట్టిన అలవాటుగా ఉండాలి. దీన్ని గొంతు మీద పరీక్షించకండి. విద్యార్థికి ఇప్పటికే వచ్చిన ఒసాయెకోమి, అంటే నేలకు అదిమి ఉంచే పట్టుతోనే చూడండి. ముందుగా చెప్పకుండా, అతణ్ని అప్పుడే ఓడించినవాడితో మళ్లీ జతచేసి, ఆ రెండోవాడిని మధ్యలో తట్టమనండి. కోపంలో ఉన్నా వెంటనే వదిలాడా, మీ ముఖం చూసి వదిలాడా, ఇంకాస్త నొక్కి వదిలాడా అన్నది గమనించాలి. చివరి రెండూ విఫలమైనట్టే. తరువాత అతణ్నే కింద ఉంచండి: పరువు కోసం తట్టకుండా భరించేవాడు కూడా సిద్ధంగా లేనట్టే, ఎందుకంటే రేపు స్పృహ తప్పేది అతడికే. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు నెగ్గాలి. ఒక్కసారి తప్పినా రెండు నెలలు ఆగాలి.

బెల్టు చూసి నిర్ణయించే పద్ధతిని నేను ఒప్పుకోను. రంగుల బెల్టులు 1920లు, 30లలో లండన్, పారిస్ క్లబ్బుల్లో వ్యాపించాయి. ఎన్ని పట్లు వచ్చో అవి చెబుతాయి కానీ, వదలడం వచ్చో రాదో చెప్పవు. నీలం బెల్టును నమ్మి నేను ముందుకు పంపిన ఒక యువకుడు తట్టినా వదలకపోవడంతో, అవతలి అబ్బాయి మోచేయి ఆరు వారాలు కట్టులో ఉంది. ఆనాటి నుంచి ఈ పరీక్ష లేకుండా ఎవరికీ జూజి-గతామె, అంటే చెయ్యి చాచి మోచేయిని నొక్కే పట్టు, చూపలేదు.

నెగ్గినవారికి మొదటి నెల మోకాళ్ల మీద, నెమ్మదిగా, చెయ్యి పూర్తిగా చాచనివ్వకుండా నేర్పండి.