పోపు పెట్టిన ప్రతిసారీ స్మోక్ అలారం మోగుతోందా? సమస్య - పరిష్కారం

సమస్య: అమెరికా అపార్ట్‌మెంట్లలో మనవాళ్లందరికీ తెలిసిన గోలే ఇది. నూనెలో ఎండుమిరపకాయలు పడ్డాయో లేదో హాల్లో అలారం అందుకుంటుంది, ఒకరు తువ్వాలుతో విసురుతుంటే ఇంకొకరు కిటికీలు తీస్తుంటారు, చివరికి విసుగొచ్చి బ్యాటరీ పీకి సొరుగులో పడేస్తారు. ఆ పని మాత్రం చేయకండి.

కారణం: అలారాన్ని విప్పి వెనకవైపు చూడండి. అయొనైజేషన్ అనో, అందులో వాడే రేడియోధార్మిక పదార్థం అమెరీషియం-241 పేరో ఉంటే దొంగ దొరికినట్టే. భగ్గున లేచే మంటని ఈ రకం త్వరగా పట్టేస్తుంది గానీ, కాగిన నూనె నుంచి లేచే, కంటికి కనపడని సన్నటి కణాలకి కూడా మోగుతుంది. ఫోటోఎలక్ట్రిక్ రకం అలా కాదు, లోపలి లైటు పొగకి చెదిరి సెన్సర్ మీద పడితేనే మోత. సోఫాలో, పరుపులో మెల్లగా రాజుకునే నిప్పుని ముందు పసిగట్టేది కూడా ఇదే.

పరిష్కారం: వంటింటి దగ్గర ఫోటోఎలక్ట్రిక్ పెట్టండి, స్టవ్‌కి కనీసం 10 అడుగుల దూరంలో. కొత్తది కొంటే యూఎల్ 217 (పొగ అలారాల భద్రతా ప్రమాణం), 8వ ఎడిషన్ లేదా ఆ తర్వాతది అని ఉందేమో చూడండి, వంట పొగకి ఊరికే మోగకూడదన్న పరీక్ష అందులో ఉంది. అయితే ఆ పరీక్ష హ్యాంబర్గర్లు కాల్చి చేస్తారు, ఎండుమిరపకాయలు వేయించి కాదు, కాబట్టి మోతని కాసేపు ఆపే హష్ బటన్ ఉన్నదే తీసుకోండి. అద్దె ఇల్లయితే ముందు ఓనర్‌కి చెప్పండి. స్టవ్ మీది చిమ్నీని కూడా ఓసారి చూడండి, చాలా ఇళ్లలో అది పొగని బయటికి పంపదు, ఫిల్టర్‌లో తిప్పి మళ్లీ మన మొహాన్నే కొడుతుంది.

పడకగదుల్లో అలారం తీసేయడానికి వంట సాకు కాదు. ప్రతి పడకగదిలో ఒకటి, వాటి బయట ఒకటి, ప్రతి అంతస్తులో ఒకటి ఉండాలి.

సమస్య: అర్ధరాత్రి నిమిషానికోసారి కిచ్ మంటోంది.

బ్యాటరీ అయిపోవస్తోంది. రాత్రి చలికి దాని వోల్టేజ్ ఇంకాస్త పడిపోతుంది, అందుకే సరిగ్గా నిద్రపట్టాక మొదలవుతుంది. కరెంటుతో నడిచేవాటిలోనూ బ్యాకప్ బ్యాటరీ ఉంటుంది, మర్చిపోకండి. కొత్తది వేసినా ఆగకపోతే వెనకున్న తయారీ తేదీ చూడండి, 10 ఏళ్లు దాటితే అలారమే మార్చాలి.

సమస్య: మూడు కాదు, నాలుగేసి సార్లు మోగి ఆగుతోంది.

మూడు మోతలు పొగకి, నాలుగు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి. దానికి వాసన ఉండదు, పొగ లేదు కదా అని కూర్చోవద్దు. పిల్లల్ని తీసుకుని ముందు బయటికి వెళ్లి, అక్కణ్నుంచి 911కి ఫోన్ చేయండి.